కపాలం అడుగున పుట్టే అరుదైన కణితులు – అనువంశికత యెంత?

జంతుశాస్త్రం చదివినవాళ్ళెవరూ ఆంఫియాక్సస్‌ను మరచిపోరు. వ్రేలెడు పొడవుండే ఆ సముద్రజీవి బొమ్మను రికార్డు పుస్తకంలో యెన్నిసార్లు వేశామో లెక్కలేదు. తల మొదలు తోక దాకా వీపు వెంట ఒక కడ్డీ గీసి, పక్కన "పృష్ఠవంశం" అని పేరు రాసి, మార్కులు తెచ్చుకొని వూరుకొన్నాం. తల్లి కడుపులో కొన్ని వారాల వయసున్నప్పుడు మన వీపున కూడా అదే కడ్డీ వుండేదని పాఠంలో ఒక వాక్యం వుంటుంది. దాన్ని మనం పెద్దగా పట్టించుకోము. కాని ఏ పది లక్షల మందిలోనో ఒకరికి, ఆ కడ్డీ తాలూకు మిగిలిపోయిన కొద్దిపాటి కణాలే నలభై యాభై యేళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెచ్చే కణితిగా పెరుగుతాయి. ఆ కణితి పేరు కార్డోమా.

మన సావనీరు కోసం యీ విషయం ఎన్నుకోవడానికి కారణం వుంది. మాది మదనపల్లె. మా వైపు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో, ఇంట్లో యెవరికైనా పేరు తెలియని జబ్బు వస్తే డాక్టరును అడిగే మొదటి ప్రశ్న "తగ్గుతుందా సార్?" అని. రెండో ప్రశ్న డాక్టరును అడగరు, తమలో తామే అడుగుకొంటారు: "ఇది యెవరి రక్తంలోంచి వచ్చింది?" దానికి జవాబు దొరకక ముందే ఇరుగుపొరుగు తీర్పు చెప్పేస్తారు. మేనరికం చేసుకొన్నారు కాబట్టి వచ్చిందని కొందరు, ఆ వంశానికే వుందని కొందరు. కార్డోమా విషయంలో ఆ రెండో ప్రశ్నకు సుమారు గత ఇరవై యేళ్ళలో శాస్త్రం చాలావరకు జవాబు చెప్పింది. డిగ్రీ స్థాయి జన్యుశాస్త్రం తెలిసినవారికి అది అందని మాట కాదు. ఆ జవాబును వరుసగా వివరించడమే యీ వ్యాసం వుద్దేశం.

పుర్రె అడుగు అంటే యెక్కడ?

ముక్కు లోపలి నుంచి నేరుగా వెనక్కి పోతే, మెడ పైభాగం చేరక ముందు ఒక ఎముక అడ్డం వస్తుంది. స్ఫీనాయిడ్, ఆక్సిపిటల్ అనే రెండు ఎముకలు కలిసిన చోటు అది. లోపలి వైపు జారుడుబల్లలాగా ఏటవాలుగా వుంటుంది. దానికి క్లైవస్ అని పేరు. లాటిన్ భాషలో ఆ మాటకు వాలు అనే అర్థం.

ఎముక చిన్నదే గాని దాని ఇరుగుపొరుగు సామాన్యులు కారు. వెనుక ఆనుకొని మెదడు కాండం వుంటుంది. శ్వాస, గుండె వేగం, మింగడం లాంటి పనులన్నీ నడిపేది అదే. పైన పీయూష గ్రంథి. రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకొనిపోయే కెరోటిడ్ ధమనులు. క్లైవస్ వెనుక గోడ వెంబడి 6వ కపాలనాడి పైకి పాకుతుంది. కంటిని బయటివైపుకు తిప్పే కండరానికి ఆజ్ఞ మోసుకుపోయేది యీ నాడే.

పిండంలో పృష్ఠవంశం పై కొస సరిగ్గా యీ ప్రాంతంలోనే ఆగుతుంది. కింది కొస తోక ఎముక దాకా పోతుంది. వెన్నుపూసలు ఏర్పడే కొద్దీ కడ్డీ కుంచించుకుపోయి, పూసల మధ్య చక్రికలలోని మెత్తని గుజ్జుకు మూలమవుతుంది. కొందరిలో కొన్ని కణాలు ఎముకలోనే చిక్కుకొని వుండిపోతాయి. అందువల్ల కార్డోమా వెన్ను పొడవునా యెక్కడైనా రావచ్చు గాని, రెండు కొసల దగ్గర, అంటే పుర్రె అడుగున, నడుము కింద త్రికాస్థిలో, యెక్కువగా పుడుతుంది. మొత్తం కార్డోమాలలో దాదాపు మూడో వంతు పుర్రె అడుగున కనిపిస్తాయి.

ఇంత చిన్న సంగతి తేలడానికి నూటయాభై యేళ్ళు పట్టింది. 1857లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో క్లైవస్ మీద జిగురులాంటి చిన్న బొడిపెలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, బుడగలతో నిండిన కణాలను వర్ణించాడు. అవి మృదులాస్థి నుండి పుట్టాయని ఆయన అనుకొన్నాడు. మరుసటి యేడు, 1858లో, హైన్రిక్ ముల్లర్ అవి పృష్ఠవంశపు శేషాలని వాదించాడు. 1890లలో రిబ్బర్ట్ అనే మరొక జర్మన్ శాస్త్రజ్ఞుడు ముల్లర్ పక్షాన నిలిచి కార్డోమా అని పేరు పెట్టాడు. ముల్లర్ మాటకు జన్యుసంబంధమైన సాక్ష్యం దొరికింది మాత్రం 2006లో. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

యెంత అరుదు? యెందుకు ఆలస్యం?

పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం పది లక్షల మంది జనాభాలో ఏడాదికి సుమారు ఒకరికి కార్డోమా వస్తుంది. అదే లెక్క మనకు వేసి చూద్దాం. 2022 విభజనకు ముందున్న పాత చిత్తూరు జిల్లా జనాభా 2011 జనగణనలో 41 లక్షల పైచిలుకు. అంటే జిల్లా మొత్తానికి ఏడాదికి నలుగురు. అందులో పుర్రె అడుగున వచ్చేది ఒకరికి, మహా అయితే ఇద్దరికి. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ప్రాక్టీసు చేసే డాక్టరు తన జీవితకాలంలో ఇటువంటి రోగిని ఒక్కరిని కూడా చూడకపోవచ్చు. అందులో ఆయన తప్పేమీ లేదు.

కాని రోగి పరిస్థితి వేరు. కణితి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మొదట తలనొప్పి. తర్వాత 6వ నాడి నలిగి ఒక కన్ను బయటికి తిరగదు, వస్తువులు జంటగా కనిపిస్తాయి. "కండ్లద్దాలు మార్చినా రెండ్రెండు కనపడతావుండాయి నాయనా" అని మా వైపు పెద్దవాళ్ళు చెప్పే బాధ ఇదే. ఆ తర్వాత ముఖం తిమ్మిరి, గొంతు మారడం, మింగేటప్పుడు పొరబోవడం. కండ్లద్దాల అంగడి, ముక్కు చుక్కల మందు, తలనొప్పి మాత్రలు, యిట్లా తిరిగేసరికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడిచిపోతాయి.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోదగిన చిన్న పరీక్ష ఒకటి వుంది. జంటగా కనిపించేవారిని ఒక కన్ను మూసుకొని చూడమనాలి. ఒక కన్ను మూయగానే రెండోది మాయమైతే, కళ్ళు రెండూ ఒకే దిక్కుకు తిరగడం లేదన్నమాట. లోపం నాడిలోనో కండరంలోనో వుంది, అద్దాలు మార్చి లాభం లేదు. ఒక కంటితో చూచినా రెండుగానే కనిపిస్తే లోపం ఆ కంటిలోనే వుంది. అట్లాగని నాడి లోపం వున్న ప్రతివారికీ కణితి వుందని భయపడనక్కర లేదు. చక్కెర జబ్బు, రక్తపుపోటు వున్నవాళ్ళకు యీ 6వ నాడి తాత్కాలికంగా దెబ్బతిని, కొన్ని నెలల్లో తనంతట కోలుకోవడం మామూలే. కాని అది తేల్చవలసింది డాక్టరు, అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయాలి.

ఎం.ఆర్.ఐ.లో కణితి కనిపించినా పని పూర్తి కాదు. అరుదుగానైనా క్షయవ్యాధి కూడా పుర్రె అడుగు ఎముకను తినివేయవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే గాని యేదీ రూఢి కాదు.

పొట్టి తోక యెలుక

కథ ఇప్పుడు పారిస్ నగరానికి పోతుంది. రష్యా విడిచి వచ్చిన నదేజ్దా దోబ్రోవోల్‌స్కాయా జవాద్‌స్కాయా అనే శాస్త్రజ్ఞురాలు అక్కడ ఎక్స్‌కిరణాలకు గురిచేసిన యెలుకల సంతానాన్ని పరిశీలించేది. ఆ వంశాలలో ఒక దానిలో పొట్టి తోకల యెలుకలు పుట్టాయి. 1927లో ఆమె దాన్ని ప్రకటించింది. ఆ లక్షణానికి గ్రీకు భాషలో పొట్టి తోక అనే అర్థం వచ్చేట్టు బ్రాకియూరీ అని పేరు వచ్చింది. తోకకు ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరాన్ని బట్టి ఆ జన్యువును "టి" అని పిలిచారు.

లోపమున్న ప్రతి ఒకటి, మంచి ప్రతి ఒకటి వున్న యెలుకకు తోక పొట్టి, బ్రతుకు మామూలే. లోపమున్న ప్రతులు రెండూ వచ్చిన పిండం మాత్రం గర్భంలోనే చనిపోతుంది. ఆ పిండాలను కోసి చూస్తే వాటిలో పృష్ఠవంశం సరిగా ఏర్పడలేదు. అంటే పృష్ఠవంశం నిలవడానికి యీ జన్యువు అత్యవసరమన్నమాట. 1990లో శాస్త్రజ్ఞులు ఆ జన్యువును విడదీసి చదవగలిగారు. మానవులలో అది 6వ క్రోమోసోము పొడవు భుజం చివర వుంది.

మా వైపు పొట్టి అనగానే పుంగనూరు ఆవు గుర్తుకు వస్తుంది. రెండున్నర, మూడడుగుల ఎత్తు మించని ఆ ఆవును చూచినవారికి, ఇదీ పొట్టి తోక యెలుక లాంటిదేనా అనే సందేహం రావచ్చు. కాదు. పుంగనూరు జాతి పొట్టితనం యెన్నో తరాలుగా మనుషులు ఏరి కూర్చుకొంటూ వచ్చిన లక్షణం, అది ఆరోగ్యంగా వుండే జాతి లక్షణం. యెలుకది ఒకే ఒక జన్యువులో తటాలున వచ్చిన మార్పు, అంటే ఉత్పరివర్తనం. రెండూ అనువంశికమే. అనువంశికం అన్న ఒక్క మాటకు యెన్ని అర్థాలున్నాయో చూడండి. జబ్బు గురించి మాట్లాడేటప్పుడు యీ తేడా మరచిపోరాదు.

ఆరవలసిన దీపం ఆరకపోతే

టి జన్యువు తయారుచేసే ప్రోటీను డి.ఎన్.ఏ.కు అంటుకొని మరికొన్ని జన్యువులను పని చేయిస్తుంది. ఇంట్లో మెయిన్ స్విచ్చి వేస్తే అన్ని గదుల్లో దీపాలు వెలిగినట్టు, ఇది వుంటే పృష్ఠవంశపు కణాల పనులన్నీ జరుగుతాయి. పిండదశ దాటగానే శరీరంలో దాదాపు అన్ని కణజాలాలలోనూ యీ స్విచ్చి ఆరిపోతుంది.

కార్డోమా కణాలలో అది ఆరదు. 2006లో లండన్ పరిశోధకులు కార్డోమా కణితులలో బ్రాకియూరీ ప్రోటీను వుందనీ, చూడడానికి అట్లాగే వుండే ఇతర ఎముక, మృదులాస్థి కణితులలో లేదనీ చూపారు. ముల్లర్ 1858లో చెప్పిన మాట అట్లా నిలబడింది. ఈ రోజు రోగనిర్ధారణ చేసే డాక్టరు అనుమానం తీర్చుకోవడానికి వాడే ముఖ్యమైన రంగు పరీక్ష ఇదే. ప్రయోగశాలలో కార్డోమా కణాలలో యీ జన్యువును అణచివేస్తే కణాల పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి ఆ ప్రోటీను కణితికి గుర్తు మాత్రమే కాదు, దాని ఆయువుపట్టు కూడా.

కుటుంబాలు చెప్పిన సాక్ష్యం

మరి ఇది వంశంలో వస్తుందా? చాలావరకు రాదు. కార్డోమా రోగులలో అత్యధికులకు కుటుంబంలో మరెవరికీ ఆ జబ్బు వుండదు. కాని ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కించదగిన కుటుంబాలలో తరతరానా ఒకరిద్దరికి వచ్చింది. శాస్త్రానికి దారి చూపింది ఆ కుటుంబాలే. అమెరికాలోని జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థవారు వాటిని యేళ్ళ తరబడి వెంబడించి, 2009లో ఫలితం ప్రకటించారు. నాలుగు కుటుంబాలలో జబ్బు వచ్చినవారికి 6వ క్రోమోసోము మీద టి జన్యువున్న ముక్క రెట్టింపయి వుంది. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మొత్తం రెండు ప్రతులు వుండవలసిన చోట మూడు వున్నాయి.

ఇటువంటి అదనపు ప్రతి బహిర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. తల్లిదండ్రులలో ఒక్కరికి వున్నా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అయినా ప్రతి వచ్చిన అందరికీ జబ్బు రాదు. వచ్చినా ఒకరికి యవ్వనంలో, మరొకరికి ముసలితనంలో రావచ్చు.

2012లో మరొక సంగతి బయటపడింది. టి జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా వున్న రూపం ఒకటుంది. ఐరోపా సంతతి రోగులలో పరిశోధించగా, ఆ రూపం వున్నవారికి కార్డోమా వచ్చే అవకాశం ఐదారు రెట్లు యెక్కువని తేలింది. ఐదారు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. కాని లెక్క వేసి చూడండి. పది లక్షలలో ఒకటి ఆరు రెట్లయితే పది లక్షలలో ఆరు. మిగిలిన 9,99,994 మందికి ఏమీ కాదు. పైగా ఆ రూపం ఆరోగ్యవంతులలో కూడా చాలామందికి వుండేదే. కాబట్టి జబ్బు లేనివాళ్ళు దానికోసం రక్తపరీక్ష చేయించుకోవడం వృథా ఖర్చు. రెట్లు విన్నప్పుడల్లా దేనికి రెట్లు అని అడగడం నేర్చుకొంటే, సగం భయాలు పోతాయి.

విత్తనమా, కాయా?

2017లో వంశచరిత్ర లేని రోగుల కణితులనే తీసుకొని జన్యువులు చదివారు. దాదాపు నాలుగో వంతు కణితులలో టి జన్యువు అదనపు ప్రతులు కనిపించాయి. అయితే అవి పుట్టుకతో వచ్చినవి కావు, కణితిలో మాత్రమే వున్నాయి. మరికొన్నింటిలో కణం పెరుగుదలను నడిపే ఇతర జన్యువులలో మార్పులున్నాయి. చిన్నపిల్లలకు యెక్కువగా వచ్చే, చాలా వేగంగా పెరిగే ఒక రకం కార్డోమాలో 22వ క్రోమోసోము మీది ఒక రక్షక జన్యువు పని చేయకుండా పోతుంది.

"జన్యువులో లోపం" అన్న మాటకూ "వంశపారంపర్యం" అన్న మాటకూ వున్న తేడా ఇక్కడే తెలుస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు యెరిగినవారికి యీ పోలిక సులభం. విత్తనంలోనే లోపం వుంటే తోటలో మొక్క మొక్కకూ, కాయ కాయకూ అది కనిపిస్తుంది. ఆ కాయల విత్తనం వేసినా మళ్ళీ కనిపిస్తుంది. అట్లాకాక, మంచి మొక్కకు కాసిన ఒక్క కాయ మీద మచ్చ పడితే, అది ఆ కాయతోనే పోతుంది. పక్క కాయకు గాని, వచ్చే యేటి పంటకు గాని సంబంధం లేదు. మొదటిది బీజకణాలలోని మార్పు, రెండోది శరీరకణంలోని మార్పు. కార్డోమా వచ్చినవారిలో అత్యధికులది రెండో కోవ. కేన్సర్లన్నీ జన్యువుల జబ్బులే, కాని వంశాల జబ్బులు కొన్ని మాత్రమే.

మేనరికం మీద నింద

మన ప్రాంతంలో అక్క కూతురును చేసుకోవడం, మేనమామ బిడ్డను, మేనత్త బిడ్డను చేసుకోవడం పాత ఆచారం. దాని ఫలితాలను మొదట శాస్త్రీయంగా పరిశీలించినవారిలో మన తెలుగువారున్నారు. ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.యస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదలి భారతదేశానికి వచ్చాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలను గురించి పరిశోధన చేసి 1960ల ఆరంభంలో ప్రకటించాడు.

లెక్క ఇది. మేనమామ, మేనకోడలు పెళ్ళి చేసుకొంటే, వారి బిడ్డలో ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుంచి వచ్చే అవకాశం 8లో 1. అత్తమామల బిడ్డల పెళ్ళి అయితే 16లో 1. అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బులకు, అంటే లోపమున్న ప్రతులు రెండూ కలిస్తేనే బయటపడే జబ్బులకు, ఇది ప్రమాదం పెంచుతుంది. పుట్టు చెవుడులో కొన్ని రకాలు, థలసేమియా వంటివి ఆ కోవకు చెందినవి. కనుక మేనరికాలు తగ్గాలని డాక్టర్లు చెప్పడం న్యాయమే.

కాని కార్డోమా ఆ కోవలోది కాదు. అరుదుగా కుటుంబంలో వచ్చినప్పుడు కూడా ఒక్క అదనపు ప్రతి చాలు, రెండు వైపుల నుంచి రానక్కర లేదు. భార్యాభర్తలు బంధువులైనా, యెక్కడో వేరే రాష్ట్రం వారైనా లెక్క ఒక్కటే. మేనరికాన్ని వద్దనడానికి మంచి కారణాలు చాలా వున్నాయి, దానికి కార్డోమాను సాక్ష్యం తేవడం మాత్రం తప్పు.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకండి. పుంగనూరు వైపు ఒక పల్లెలో నాకు తెలిసిన ఒక కుటుంబం వుంది. ఇంటి పెద్దకు యీ కణితి వచ్చి ఆపరేషను జరిగింది. ఆ తర్వాత ఆయన కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. "ఆ యింటి రక్తంలో గడ్డ వుండాదంట" అన్న మాటే కారణం. ఆ అమ్మాయి ప్రమాదం యెంతో మనమే లెక్క కట్టవచ్చు. మూడు తరాలలో మరెవరికీ యీ జబ్బు లేదు. తండ్రి కణితి కాయ మీది మచ్చ వంటిదే అయ్యే అవకాశం అత్యధికం. అప్పుడు ఆమె ప్రమాదం పది లక్షలలో ఒకటి రెండు, మహా అయితే అయిదారు. ఆ పెళ్ళి చూపులకు వచ్చినవారి ఇండ్లలో చక్కెర జబ్బు, గుండె జబ్బు ప్రమాదం అంతకు వేల రెట్లు యెక్కువ. దాన్ని గురించి యెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

పక్కింటి కణితి

పుర్రె అడుగున కార్డోమాతో పొరబడే కణితి మరొకటుంది: కాండ్రోసార్కోమా. ఇది మృదులాస్థి జాతి కణితి. కార్డోమా సాధారణంగా నడిమధ్యలో పుడితే, ఇది చెవి వైపు ఎముక అతుకు దగ్గర, ఒక పక్కకు పుడుతుంది. పుర్రె అడుగున వచ్చే కాండ్రోసార్కోమా సాధారణంగా కార్డోమా కంటె సాధువు, చికిత్సకు బాగా లొంగుతుంది. అందుకని రెండింటినీ వేరు చేసి చెప్పడం రోగికి చాలా ముఖ్యం.

జన్యువులే ఇక్కడా సాయం చేస్తాయి. కాండ్రోసార్కోమాలో బ్రాకియూరీ వుండదు. దానికి బదులు చాలా కణితులలో ఐ.డి.హెచ్. అనే జన్యువులలో మార్పు వుంటుందని 2011లో తేలింది. అదే యేడు మరొక వింత బయటపడింది. శరీరంలో అనేక ఎముకలలో మృదులాస్థి బొడిపెలు వచ్చే ఆలియర్, మఫూచి అనే జబ్బులలోనూ ఇవే మార్పులు. అయితే అవి తల్లిదండ్రుల నుంచి రావు. పిండం పెరిగేటప్పుడు యేదో ఒక కణంలో మార్పు వచ్చి, ఆ కణం సంతతి పోయిన చోటల్లా బొడిపెలు వస్తాయి. తోట కాదు, ఒక్క కాయ కాదు, మొక్కకు ఒక కొమ్మ మొత్తం అన్నమాట. పుట్టుకతో వుండీ వంశపారంపర్యం కాని జబ్బుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చికిత్స – దారి

కార్డోమాకు ప్రధానమైన చికిత్స శస్త్రచికిత్స. ఈ రోజుల్లో చాలామందికి పుర్రె తెరవకుండా, ముక్కు రంధ్రాల గుండా దుర్భిణి గొట్టం పంపి కణితిని తీస్తున్నారు. ధమనులు, నాడులు పెనవేసుకొని వుండడం వల్ల ప్రతి కణాన్నీ తీయడం కష్టం. మొదటి ఆపరేషను యెంత పూర్తిగా, యెంత అనుభవమున్న చేతుల్లో జరిగితే అంత మంచిది. మిగిలినదానికి రేడియేషన్ పెద్ద మోతాదులో కావాలి, కాని మిల్లీమీటర్ల దూరంలో మెదడు కాండం వుంది. ప్రోటాన్ కిరణాలు యిక్కడ పనికివస్తాయి. మామూలు ఎక్స్‌కిరణం కణితిని దాటి అవతలికి పోతుంది. ప్రోటాన్ నిర్ణీతమైన లోతు దాకా పోయి, తన శక్తిలో యెక్కువ భాగం అక్కడే వదలి ఆగిపోతుంది. చెన్నైలో 2019లో ఇటువంటి కేంద్రం మొదలయింది. మామూలు కేన్సర్ మందులకు కార్డోమా సరిగా లొంగదు. బ్రాకియూరీని అణచే మందు కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. మా మూడు ఊళ్ళ వారికీ అటు బెంగుళూరు, ఇటు వేలూరు, తిరుపతి, ఆ పైన చెన్నై అందుబాటులో వున్నాయి. బెంగుళూరులో నిమ్‌హాన్స్ వుంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ జేకబ్ చాందీ 1949లోనే దేశంలో మొట్టమొదటి నాడీ శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు. దూరం మనకు అడ్డు కాదు. అడ్డల్లా ఆలస్యమే.

ఇక జన్యు సలహా యెవరికి కావాలి? కుటుంబంలో ఇద్దరు రక్తబంధువులకు కార్డోమా వచ్చినప్పుడు, లేదా చాలా చిన్న వయసులో వచ్చినప్పుడు. అప్పుడు మనం ప్రాక్టికల్స్‌లో వేసే వంశవృక్షమే పనికివస్తుంది: మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు వచ్చినవారికి నలుపు. మూడు తరాలు గీసి డాక్టరు ముందు పెడితే, పెద్ద పరీక్షలకంటె ముందు అదే సగం కథ చెబుతుంది. అదనపు ప్రతి వున్నట్టు తేలిన కుటుంబంలో, వున్నవారు డాక్టరు సలహా మీద ఎం.ఆర్.ఐ.తో కనిపెట్టుకొని వుండవచ్చు.

మిత్రులారా, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం వుంది. 1915లో అక్కడ క్షయరోగుల ఆసుపత్రి ప్రారంభమయింది. క్షయ వంశంలో వస్తుందని లోకం చాలాకాలం నమ్మింది. 1882లో రాబర్ట్ కాక్ దానికి కారణమైన క్రిమిని చూపించాడు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదట ప్రయోగించిన చోట్లలో మదనపల్లె ఒకటి. రక్తదోషమని కుటుంబాలను వెలివేసిన జబ్బుకు మన వూళ్ళోనే టీకా వేశారు. కార్డోమా అంటువ్యాధి కాదు, దాని కథ వేరు. కాని నింద వేసే పద్ధతి మాత్రం అదే. మనలో చాలామంది రేపు పల్లెల్లో పంతుళ్ళవుతారు, ఉద్యోగులవుతారు, కొందరు డాక్టర్లవుతారు. "ఇది యెవరి రక్తం?" అని యెవరైనా అడిగినప్పుడు, ముందు వంశవృక్షం గీయండి, తర్వాత లెక్క వేయండి, ఆ పైన మాట్లాడండి. ఆంఫియాక్సస్ బొమ్మ మనకు నేర్పవలసిన పాఠంలో మార్కుల తర్వాత మిగిలినది ఇదే.